పార్వతమ్మ బోలీ

కిరందుల్, మధ్యప్రదేశ్,
1987 ఆగస్టు 9

సూర్యకాంతమప్పకి,

నా కథ ఐదోసారీ తిరిగొచ్చింది. "పార్వతమ్మ మాటల్లో హిందీ తీసేసి, కథను గోదావరి ఒడ్డుకు మార్చండి, వేసుకుంటాం" అని సంపాదకుడు రాశారు.

మారుద్దామనే కూర్చున్నానప్పా. పార్వతమ్మ మా పక్కింటి మనిషి. గనిలో కూలికెళ్ళేది. పోయినేడు జ్వరంతో పోయింది. "బహెన్, నా గురించి రాస్తే నా బోలీలోనే, నేను మాట్లాడినట్టే రాయి" అనేది. ఆ మాటలు కొట్టేయడానికి చెయ్యి రాలేదు.

"ఎన్నాళ్ళే ఈ అవమానం?" అన్నారు మీ మరిది.

నిన్న పార్వతమ్మ కూతురికి కథ చదివి వినిపించాను. "అచ్చం మా అమ్మ గొంతే" అని ఏడ్చింది. పొద్దున్నే ఒక్క అక్షరం మార్చకుండా ఇంకో పత్రికకు పంపేశాను. అప్పట్నుంచీ భయంగానే ఉంది.

నీకూ ఒక ప్రతి పెడుతున్నాను. బాగోలేకపోతే బాగోలేదనే రాయి. ఆమెను గోదావరికి మాత్రం పంపమనకు.

నీ చెల్లెలు