పది నుంచి ఆరు దాకా

1979 అక్టోబర్ 3, దుబాయ్

మా ముసలి యజమాని హాజీని లండన్ తీసుకెళ్తున్నారు. పొట్టలో గడ్డ. ఇక్కడి డాక్టర్లు చేతులెత్తేశారు. రోజూ స్నానం చేయించేదీ మందులిచ్చేదీ నేనే కాబట్టి నేనూ వెళ్లాలి. ఆయన కొడుకు ఖల్ఫాన్ నా కఫీల్, నాకు వీసా ఇచ్చినవాడు. నా పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంది. వద్దనడానికి నేనెవర్ని?

హాజీ కూతురు మౌజాగారింట్లో వంట చేసే పేరమ్మది మా రాజోలు పక్క. తమ్ముడూ దేవదానం, ఆ ముసలాయన్ని జాగర్తగా చూసుకో, మా అమ్మగారు ఒకటే ఏడుత్తన్నారు, ఏవన్నా అయితే ఈ పోస్టు బాక్సుకి రెండు ముక్కలు రాసి పడెయ్యి అంది. నంబరు డైరీ అట్ట మీద రాసుకున్నాను.

అక్టోబర్ 12, లండన్

పెద్ద డాక్టర్ రిపోర్టులు చూశాడు. లివర్ దాకా పాకిందట. ఆపరేషన్ దండగ, ఇంటికి తీసుకెళ్లండి, నొప్పికి మందిస్తాను అని ఖల్ఫాన్‌తో మెల్లగా చెప్పాడు. నేను వీల్‌చైర్ పట్టుకుని వెనకే నిలబడ్డాను. మిషన్ ఆస్పత్రిలో నేర్చిన ఇంగ్లిష్ నాది. అంతా అర్థమైంది.

డాక్టర్ ఏమన్నాడని హాజీ అడిగాడు. ఖల్ఫాన్ ఆయన చెయ్యి నిమిరి, ఇంకో రెండు నెలలు ఇక్కడే ట్రీట్‌మెంట్, తగ్గిపోతుంది అన్నాడు. అని నావైపు చూశాడు. నేను నేల చూశాను.

తిరిగొస్తూ నాకు ఉన్ని కోటు కొనిచ్చాడు. తొడుక్కున్నాను.

అక్టోబర్ 15

ఆ రెండు నెలలు ఎందుకో తెలిసింది. తండ్రి ఇక్కడున్నంత కాలం ఖల్ఫాన్‌కీ ఇక్కడ ఉండే సాకు. ఇవాళ ఫ్లాటుకి స్నేహితులొచ్చారు. సీసాలు, పేకలు, ఆడవాళ్లు. హాజీ ఎదురుగా కుదరదు కదా. పది నుంచి ఆరు దాకా బాబాని బయట తిప్పు, లండన్ నిండా మ్యూజియంలే, టికెట్ అక్కర్లేదు, లోపల వెచ్చగా ఉంటుంది, యల్లా, బయల్దేరు అన్నాడు.

మేం బయటికి రాగానే లోపల గడియ పడింది. పాత సామాను వీధిలో పెట్టినట్టు పెట్టారు ఆయన్ని.

అక్టోబర్ 18

బొమ్మల గ్యాలరీ. హాజీ కుర్రతనంలో ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాడు. తర్వాత అవే ముత్యాలు బొంబాయి తీసుకెళ్లి అమ్మేవాడు. నాతో మాట్లాడేది ఆ బొంబాయి హిందీయే. ఎవరో రాణి పటం ముందు ఆపమన్నాడు. మెడ నిండా ముత్యాలు. కళ్లు చిట్లించి చూసి, ఆ మూడోది చూడు, అది వంకర ముత్యం, పాపం రాణికెవడో టోపీ పెట్టాడు అన్నాడు. నవ్వాడు. ఈ ఊరొచ్చాక మొదటిసారి.

ఆ నవ్వు ఇంకోసారి చూద్దామని ఇంకో నాలుగు గదులు తిప్పాను. ఆయన ఓపిక అయిపోయిందని చూసుకోలేదు. కుర్చీలోనే దొడ్డికి అయిపోయింది. టాయిలెట్ తలుపులో వీల్‌చైర్ పట్టలేదు. ఎత్తుకుని లోపలికి మోసి, నేల మీద పడుకోబెట్టి కడిగాను. సూటువాళ్లు వచ్చారు, ముక్కు మూసుకున్నారు, వెళ్లిపోయారు. నాకు మలం కొత్త కాదు. ఆ ముక్కులు చూస్తేనే రోత పుట్టింది. ఇంతసేపూ బయట బంగారు ఫ్రేముల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ మనుషులే వీళ్లు.

అక్టోబర్ 19

వాన. పది నుంచి ఆరు.

అక్టోబర్ 24

ఆరుకి వచ్చాం. ఆరూ నలభై దాకా తలుపు తియ్యలేదు. లోపల ఆడమనిషి నవ్వు. లోపల ఎవరు అని హాజీ అడిగాడు. వ్యాపారం మనుషులు అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో నా నోటికి!

తలుపు తీశాక చూస్తే హాజీ నమాజు చాప మీద సిగరెట్ పీకలు. ఆయన చూడకముందే దులిపేశాను. ఎవరి పరువు కాపాడుతున్నాను నేను? కొడుకుదా, నాదా?

అక్టోబర్ 30

చెప్పేశాను.

పెద్ద మ్యూజియంలో ఈజిప్టు గది. రోజూ దాటించేసేవాణ్ణి, ఇవాళ తీసుకెళ్లమని ఆయనే పట్టుబట్టాడు. గాజుపెట్టెలో ఒక మనిషి. బొమ్మ కాదు, మనిషే. పక్కకి తిరిగి మోకాళ్లు గుండెకి ముడుచుకుని పడుకున్నాడు. చర్మం తోలుచెప్పులా ఎండిపోయింది. తలకి నాలుగు వెంట్రుకలు కూడా ఉన్నాయి. చుట్టూ స్కూలు పిల్లలు. గాజుకి ముక్కులు నొక్కిపెట్టి, నాలుకలు బయటపెట్టి చచ్చినట్టు నటిస్తున్నారు. టీచరమ్మ ఫొటో తీస్తోంది.

ఎవరితను అన్నాడు హాజీ. అక్కడున్న అట్ట చదివి చెప్పాను. ఐదు వేల ఏళ్ల కిందట ఇసుకలో పూడ్చిన మనిషట. ఇసుక తడి పీల్చేయడంతో కుళ్లలేదట.

ఇసుకలో పెట్టినవాణ్ణి ఎవరు తీశారు, ఇతనికి కొడుకుల్లేరా అన్నాడు.

తలమీది గుత్రా తీసి నా చేతికిచ్చాడు. కప్పు అన్నాడు. గాజు మీద కప్పాను. పిల్లలు కిలకిలా నవ్వారు. కావలివాడొచ్చి మర్యాదగానే ప్లీజ్ సర్ అంటూ, ఆ గుడ్డని రెండు వేళ్లతో పట్టుకుని తీసి నాకిచ్చాడు. రెండు వేళ్లతో.

అప్పుడు అడిగాడు. దేవదానం, ఆ రోజు డాక్టర్ ఏమన్నాడు, సచ్ బోల్ అన్నాడు. బోడితల, సన్నటి మెడ, ఆ కళ్లు. కోటు లోపల చెమట పట్టింది నాకు. అంతా చెప్పాను. మందు లేదని, ఇంటికి తీసుకెళ్లమన్నాడని.

ఆయన ఏడవలేదు. ఖల్ఫాన్‌కి తెలుసా అన్నాడు.

తెలుసు అన్నాను.

డాక్టర్ మాట విన్నప్పుడు కదలని మొహం ఈ ఒక్క మాటకి కూలిపోయింది. మౌజాకి చెప్పు అన్నాడు. వేరే గదికి వెళ్దామంటే తల అడ్డంగా ఊపాడు. మూసే దాకా ఆ పెట్టె పక్కనే కూర్చున్నాడు, తోడున్నట్టు.

అక్టోబర్ 31

పోస్టాఫీసులో మౌజాగారికి, పేరమ్మ చెప్పిన బాక్సు నంబరుకి టెలిగ్రామ్ ఇచ్చాను. నాన్నకి ఇల్లు కావాలి, వెంటనే రండి. ఇంగ్లిష్‌లో ఏడు మాటలు. పంతొమ్మిది రోజులు పట్టింది నాకు ఈ ఏడు మాటలు రాయడానికి. థూ.

నవంబర్ 5

ఎవరూ రాలేదు. హాజీ పాలు కూడా తాగడం లేదు. అయినా పది నుంచి ఆరు.

నవంబర్ 8

మౌజాగారు, ఆవిడ భర్త మధ్యాహ్నం దిగారట. ముందు ఫ్లాటుకే వెళ్లారు. సీసాలు తెచ్చేవాడనుకుని ఖల్ఫాన్ తలుపు తీశాడట. నాన్నేడి అంటే మ్యూజియంలో అన్నాడట. ఏ మ్యూజియం అంటే తెలీదన్నాడట.

ఐదింటికి మ్యూజియం మూసేశారు. ఇంకో గంట గడపాలి కదా. రోజూలాగే బయట స్తంభాల దగ్గర వాన పడని చోట కుర్చీ ఆపి నిలబడ్డాను. టాక్సీ దిగి మెట్లెక్కుతూ వచ్చిందావిడ. మూడు మ్యూజియంలు వెతికారట. మోకాళ్ల మీద కూలబడి, తన శాలువా తీసి తండ్రి పాదాలకి చుట్టింది. ఆయన యా బింతీ అని కూతుర్ని పిలిచి, ఇల్లు అన్నాడు. అంతే.

తర్వాత నన్నడిగింది, ఎన్ని రోజులుగా అని. ఇరవై ఐదు అన్నాను. ఇన్ని రోజులు నీ నోట్లో ఏముంది అంది.

వంగి కుర్చీ బ్రేకు తీశాను.

నవంబర్ 27, దుబాయ్

హాజీ నిన్న మధ్యాహ్నం పోయారు, మౌజాగారింట్లో. చివరి పది రోజులు నొప్పి తక్కువే. సాయంత్రానికల్లా ఇసుకలో పెట్టి వచ్చారు.

నవంబర్ 29

పరామర్శకి మూడో రోజు. గోడల వెంట మగాళ్లంతా కూర్చున్నారు. నేను కాఫీ పోస్తున్నాను. మధ్యలో ఖల్ఫాన్. కళ్లు తుడుచుకుంటూ, బాబాకి లండన్‌లో ఒక్క మ్యూజియం మిగలకుండా చూపించాను, ఏ కొడుకూ చెయ్యనంత చేశాను అని చెబుతున్నాడు. కొందరు మెచ్చుకోలుగా తలలూపారు. ఆ ఏడుపు నిజమేనేమో, అది ఇంకా అసహ్యం.

నిజమా కాదా దేవదానం అన్నాడు హిందీలో, అందరూ వినేలా.

నిజమే సాబ్ అన్నాను. రోజూ పది నుంచి ఆరు దాకా. ఫ్లాటులో మీ పార్టీ అయ్యేదాకా తలుపు తీసేవారు కాదు కదా. డాక్టర్ ఇంటికి తీసుకెళ్లమన్నాడని మీరు బాబాకి చెప్పలేదు, నేనే చెప్పాను, అదీ ఆలస్యంగా.

హాజీ తమ్ముడికి హిందీ వచ్చు. ఆయన కప్పు నాకివ్వకుండా నేల మీద పెట్టి లేచి, ఖల్ఫాన్ వైపు చూడకుండా బయటికి నడిచాడు. ఆయన వెనక ఇంకొకరు. ఇంకొకరు.

ఖల్ఫాన్ నాతో ఒకటే మాటన్నాడు. ఖలాస్.

డిసెంబర్ 20

వీసా క్యాన్సిల్. పాస్‌పోర్టు మాత్రం మౌజాగారి భర్త ఇప్పించాడు. జెబెల్ అలీలో పోర్టు కట్టే కంపెనీ క్లినిక్‌లో గాయాలకి కట్లు కట్టే డ్రెస్సర్ పని కూడా ఆయనే చూశాడు. మౌజాగారు కనిపించలేదు. పేరమ్మ చేత అన్నం డబ్బా పంపింది.

1980 ఫిబ్రవరి 11, జెబెల్ అలీ

కరీంనగర్ పక్క లచ్చన్న. ఇనప దూలం పాదం మీద పడింది. సారూ, నిజం చెప్పుండ్రి, కాలు ఉంటదా అన్నాడు.

కాలు ఉంటుంది, రెండు వేళ్లు పోతాయి అని అప్పుడే చెప్పాను. కట్టు కట్టకముందే.