వరాలమ్మ మునిగిందా, పెళ్లాడిందా?

కొత్తపేట,
గురువారం.

కాబోయే బావగారు మంగరాజు గారికి, మగపెళ్లివారి తరఫున కాకుండా సాటి సినిమా పిచ్చివాడి హోదాలో బుల్లబ్బాయి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ, చెల్లెమ్మ కనకరత్నం గారూ, మీ అమ్మగారూ, మా ఇంటికి కోడలిగా రాబోతున్న అనితమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటి అనుకోకండి. ఫోనులో సినిమా కబుర్లు మొదలెడితే మా ఆవిడ సూర్యకుమారి పక్కన నిలబడి, "శ్రావణంలో పిల్లాడి పెళ్లి పెట్టుకుని ఏంటండీ ఆ బాతాఖానీ?" అని గరిటె చూపిస్తుంది. కాగితం మీద రాసుకుంటూ ఉంటే మాత్రం పెళ్లి సామాన్ల పట్టీ అనుకుని కాఫీ కూడా ఇస్తోంది.

మొన్న తాంబూలాలప్పుడు మీ నోట "పసుపు పడవ" అన్న మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చిందండి. మా ఊళ్ళో పాత సినిమాల పిచ్చోళ్ళం కొందరం ప్రతి ఆదివారం కాఫీ హోటల్లో కూర్చుంటాం. దానికి సంఘం అని పేరు కూడా పెట్టుకున్నాం. వాళ్ళలో చాలామందికి ఆ సినిమా ఒకటుందనే తెలీదు. పడవవాడి కూతురు వరాలమ్మ, ఆ జమీందారు గారబ్బాయి, రేవులో వాళ్ళ కీచులాటలు! ఇక వరాలమ్మ పెళ్లికూతురై, పడవనిండా బంతిపూలతో వచ్చే పాట ఉంది చూశారూ, అదొస్తే మా మేనమామ చుట్ట ఆర్పేసేవాడు. అంతకు మించిన గౌరవం ఆయన ఎవరికీ ఇచ్చి ఎరగడు.

పిల్లల సంబంధం ఎవరు కుదిర్చినా, మనిద్దరి సంబంధం మాత్రం ఆ సినిమాయే కుదిర్చింది. తీరిక చేసుకుని జవాబు రాయండి.

మీ
బుల్లబ్బాయి

తా.క.: మస్కట్‌లో ఉన్న మా పెళ్లికొడుకు మణికంఠకి ఫోనులో ఈ సినిమా కథంతా చెప్పి, ఆ పాట అందుకున్నాను. "నాన్నా, సిగ్నల్ పోతోంది" అన్నాడు. పాట ఎత్తుకునేదాకా సిగ్నల్ బాగానే ఉందండి.


రాజోలు,
సోమవారం.

ప్రియమైన బావగారికి మంగరాజు నమస్కరించి రాసేది.

ఆయ్, మీ ఉత్తరం అందింది. మూడుసార్లు చదివి, నాలుగోసారి మా కనకరత్నానికి చదివి వినిపించాను. "వియ్యంకుడు కట్నకానుకల గురించి రాస్తాడనుకుంటే బంతిపూల గురించి రాసేరు, మంచోరే" అంది.

మీరు ఆ సినిమా హాల్లో చూశారు. నేను మా ఇంట్లో చూశానండి! అతిశయం కాదు. నాకు ఆరేళ్ళప్పుడు మా కొబ్బరితోటలో డేరా హాలు వేసుకున్నారు. స్థలం మాది కాబట్టి మాకు టికెట్టు లేదు. "పసుపు పడవ" ఆడినన్నాళ్ళూ రోజూ మొదటాటకి అమ్మ ఒళ్ళో కూర్చుని చూసేవాణ్ణి. ఆ బంతిపూల పాట అవగానే జనం ఈలలేసుకుంటూ లేచేవారు. నేను నిద్రలో కూడా ఈలేసేవాణ్ణట.

అసలు సంగతి వినండి. అమ్మకి ఎనభై దాటాయి. పెద్దగా అరిస్తేగానీ వినపడదు. కానీ తోటలోకి వెళ్ళినప్పుడల్లా, "ఒరేయ్, ఇక్కడే కదరా తెర. ఆ బొమ్మ ఇంకొక్కసారి చూస్తే బాగుణ్ణు" అంటుంది. ఈ కోరిక తీర్చకపోతే నాకు తోచదు. పెళ్లికి ముందురోజు సాయంత్రం అదే తోటలో, అదే చోట తెర కట్టి, మీవాళ్ళూ మావాళ్ళూ కలిసి కూర్చుని చూసేలా వేయిద్దాం. ఆ సినిమా ఎక్కడా దొరకడం లేదంటున్నారు. మీ సంఘం వాళ్ళనడిగి ఒక కాపీ సంపాదించండి బావగారూ.

ఉంటాను,
మంగరాజు

తా.క.: "వరాలమ్మకి జరిగినట్టే నీకూ జరగాలి తల్లీ" అని మా అనితని చిన్నప్పట్నించీ దీవిస్తున్నాను. అలా అన్నప్పుడల్లా అమ్మ ఎందుకో నా నెత్తిన మొట్టికాయ వేస్తుంది. పెద్దతనం, ఏం చేస్తాం.


కొత్తపేట,
శుక్రవారం.

బావగారికి నమస్కారం.

మీ ఉత్తరం చదువుతూ కాఫీ పంచె మీద ఒలకబోసుకున్నాను. మరక పోలేదు, నా గాభరా కూడా పోలేదు.

పెద్దవారు, మీకు నేను చెప్పాలా? ఆ సినిమా పెళ్లింట్లో వేసేదేనా అండి? ఆఖర్న వరదలో పడవ తిరగబడి వరాలమ్మ మునిగిపోతుంది కదా! పైట కొంగు ఒక్కటే కనపడి అది కూడా మాయమవుతుంది. మా హాల్లో ఆడవాళ్ళ ఏడుపుకి గేటు దగ్గర వేరుశనక్కాయలమ్మే ఆవిడ కూడా ఏడ్చేది. శ్రావణంలో, గోదారి ఎర్రనీళ్ళతో పోటెత్తే రోజుల్లో, మీ పిల్ల గన్నవరం అక్విడక్టు వంతెన దాటి మా ఇంటికి రావాలి. ముందురోజు సాయంత్రం ఏట్లో మునిగిన పెళ్లికూతుర్ని చూపించి పంపుతారా? పైగా ఆ వరాలమ్మకి జరిగినట్టు జరగాలని కన్నకూతుర్ని దీవిస్తున్నారా! అమ్మగారు మొట్టికాయతో సరిపెడుతున్నారు. నేనైతే ఇంకా గట్టిగా వేసేవాణ్ణి.

ఆ బంతిపూల పాటలో పెళ్లంతా వరాలమ్మ కనే కల బావగారూ. సినిమా సగంలో వస్తుంది. మీకప్పుడు ఆరేళ్ళు. ఆ పాటకే నిద్రపోయి, లేచేసరికి జనం బయటికి వెళ్తూ ఉండుంటారు. చిన్నపిల్లలకి అది సహజమే.

అమ్మగారి కోసం ఇంకేదైనా మంచి భక్తి సినిమా వేయిద్దాం.

మీ
బుల్లబ్బాయి

తా.క.: మా సంఘంలో "పసుపు పడవ" చూసినవాడు నాగసతీష్ ఒక్కడే ఉన్నాడు. అడిగాను. "ములిగిపోయిందండీ, నేను కళ్ళారా చూసేను" అని సాక్షి సంతకం పెట్టాడు. ఆ కాగితం దీనితో జతచేశాను. వాడు కాపీ కోసం కూడా వెతుకుతానన్నాడు. మీరే చూసుకుందురుగాని.


రాజోలు,
మంగళవారం.

శ్రీ బుల్లబ్బాయి గారికి,

ఉత్తరం, సాక్షి సంతకం అందాయి.

మాకు లేక లేక కలిగిన పిల్లండి. దాని పెళ్లి మాటల్లో మునగడం, తిరగబడటం, మాయమవడం అని వరసపెట్టి రాసేరు. మీ ఉత్తరం విని కనకరత్నం లేచెళ్ళి దేవుడి గదిలో దీపం పెట్టి వచ్చింది. ఆ దీపం చూస్తూనే ఇది రాస్తున్నాను.

నేను నిద్రపోయానా? ఒకరోజు నిద్రపోతానండి, రోజూ నిద్రపోతానా? కల అంటున్నారు. మా డేరాలో ఎవరూ ఏ కలా కనలేదు. వరాలమ్మ బంతిపూల పడవ దిగింది, తాళి కట్టించుకుంది, "శుభం" అని పడింది, మేం ఇంటికెళ్ళి అన్నాలు తిన్నాం. మీకు ఒక్క నాగసతీషే ఉన్నాడు. ఆ డేరాలో సినిమా చూసిన మా వీధి ఆడవాళ్ళు ఈనాటికీ ఉన్నారు. ఎదురింటి రాజ్యలక్ష్మి గారైతే, "పెళ్లి కాకపోవడమేంటండీ, ఆ పిల్ల కట్టిన చీరలాంటిది కావాలని మా ఆయనతో పోట్లాడేను" అని చెప్పేరు. సంతకాలు నేను కూడా పంపగలను. కానీ మర్యాదస్థుణ్ణి.

నాకు అర్థమైంది. సంబంధం ఇష్టం లేకపోతే లేదని నోటితో చెప్పండి. అంతేగానీ అన్నెం పున్నెం ఎరగని ఆ వరాలమ్మని నీళ్ళల్లోకి తోసి, అపశకునం పేరు చెప్పి తప్పుకోకండి. శుభలేఖల అచ్చు ఆపమని చెప్పొచ్చాను. వరాలమ్మకి పెళ్లయిందని మీరు ఒప్పుకున్న రోజునే మా అనిత పెళ్లి.

ఇట్లు,
మంగరాజు

తా.క.: అనిత అన్నం సరిగ్గా తినడం లేదు. "నాన్నా, ఎప్పుడో సినిమాలో ఎవరో ములిగితే నా పెళ్లెందుకు ఆగాలి?" అని ఏడుస్తోంది. మునగలేదు తల్లీ అని ఎంత చెప్పినా వినదే! అమ్మకి మాత్రం ఈ గొడవ తెలియనివ్వలేదు. ఆవిడకి చెప్పాలంటే అరవాలి, అరిస్తే వీధంతా వింటుంది.


కొత్తపేట,
ఆదివారం.

పూజ్యులైన బావగారికి, ఓడిపోయిన బుల్లబ్బాయి నమస్కారాలు.

మీరే గెలిచారు.

నాగసతీష్ రాజమండ్రిలో ఎవరో పెద్దాయన దగ్గర్నుంచి "పసుపు పడవ" కాపీ పట్టుకొచ్చాడు. మొన్న సంఘమంతా కూర్చుని చూశాం. వరాలమ్మ మునగలేదండి. శుభ్రంగా పెళ్లి చేసుకుంది. బంతిపూల పడవ, సన్నాయి, తాళి, "శుభం", అన్నీ మీరు చెప్పినట్టే ఉన్నాయి. నేను వేరే ఏదో సినిమాలో మునిగిన పిల్లని తెచ్చి ఇందులో కలిపేసుకున్నట్టున్నాను. వయసు మీద పడుతోంది కదా బావగారూ. మీ ఇంట్లో అనరాని మాటలు రాశాను, మీరూ చెల్లెమ్మా నన్ను క్షమించాలి. దీపం పెట్టి వచ్చిందన్న మాట చదివాక నాకు ముద్ద దిగలేదు. సూర్యకుమారి ఉత్తరాలన్నీ చూసేసింది. గరిటె సంగతి రాయను.

సినిమాని పెన్‌డ్రైవ్‌లో పెట్టించి దీనితో పంపుతున్నాను. టీవీకి తగిలిస్తే వచ్చేస్తుంది. ముందు అమ్మగారికి చూపించండి. పెళ్లికి ముందురోజు తోటలో తెర కట్టించండి, మా వాళ్ళందరినీ తీసుకుని నేనే ముందు వరసలో కూర్చుంటాను. శుభలేఖలు అచ్చుకి ఇచ్చేయండి. పిల్లని కడుపునిండా అన్నం తినమనండి.

మీ
బుల్లబ్బాయి

తా.క.: సినిమా మధ్యలో ఒకచోటా, ఆఖర్న ఒకచోటా బొమ్మ కాస్త ఎగురుతుంది. పాత కాపీ కదండీ, పట్టించుకోకండి. నాగసతీష్‌కి కంప్యూటర్ ముందు కూర్చుని కూర్చుని కళ్ళు ఎర్రబడ్డాయి. ఎందుకు కూర్చున్నాడని మాత్రం అడక్కండి.


రాజోలు,
గురువారం.

బావగారూ,

ఇంతకు ముందు ఉత్తరంలో "శ్రీ బుల్లబ్బాయి గారికి" అని రాశాను. ఆ కాగితం మీ దగ్గరుంటే చింపేయండి.

పెన్‌డ్రైవ్ అందగానే టీవీకి తగిలించి, అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, నేను కింద కూర్చున్నాను. కనకరత్నం, అనిత కూడా వచ్చి కూర్చున్నారు. అమ్మ మొదట్నుంచీ కళ్ళార్పకుండా చూసింది. ఆఖర్న బంతిపూల పడవ వచ్చింది. నేను ఈలేశాను కూడా. "శుభం" పడగానే అమ్మ పకపకా నవ్వడం మొదలెట్టింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "ఒరేయ్, ఈసారి ఎవర్రా దీన్ని కత్తిరించింది?" అంది.

నాకు బోధపడలేదు. ఈసారి ఏమిటమ్మా అని అరిచాను. అప్పుడు చెప్పింది.

"నీకప్పుడు ఆరేళ్ళురా. మొదటి రోజు చూసినప్పుడు ఆ పిల్ల ములిగే పోయింది. నువ్వు ఇంటికొచ్చి వరాలమ్మా, వరాలమ్మా అని ఏడ్చి ఏడ్చి జొరం తెచ్చుకున్నావు. అన్నం ముట్టలేదు. పిల్లాడు నీరసించిపోతున్నాడు. నేను తిన్నగా డేరా ఆయన దగ్గరికెళ్ళి, 'మా వాడు అన్నం తినాలండి. ఆ పిల్లకి పెళ్లి చేస్తారా, మా తోటలోంచి డేరా ఎత్తేస్తారా?' అని అడిగేను. ఆయన నెత్తి గోక్కుని, మధ్యలో ఉన్న కల పాట పీకి ఆఖర్న అతికించేడు. ములిగిపోయే ముక్క తీసి పెట్టెలో దాచేడు. మర్నాడు నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చూపించేను. ఇంటికొచ్చి రెండుసార్లు పెట్టించుకుని తిన్నావు. జొరంలో చూసిందంతా మర్చిపోయేవు."

ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "మళ్ళీ అన్నం మానేస్తావేమోనని. ఆ దీవెన మాత్రం మానిపిద్దామని మొట్టికాయలేసేను, నీ బుర్రకెక్కలేదు" అంది. అరవై దాటిన వెధవని పట్టుకుని మా అమ్మ ఆ మాట అంటే, నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అనిత ముందు ఏడిస్తే బాగోదని వీధిలోకెళ్ళి ఏడ్చాను.

ఇక దాచేదేముంది, ఈసారి కత్తిరించింది మా కాబోయే వియ్యంకుడు గారమ్మా అని అరిచాను. నేను చేసిన గొడవంతా, శుభలేఖలు ఆపిన సంగతితో సహా అరిచాను. వీధంతా వింది. విననివ్వండి. అమ్మ అనితని దగ్గరికి పిలిచి బుగ్గలు నిమిరి, "ఆయన మాటే నిజమయ్యుండి కూడా, ఎదటి మనిషి బాధపడుతున్నాడని ఆ పిల్లకి పెళ్లి చేసేడే. ఆ ఇంట్లో నువ్వెప్పుడూ అన్నం తినకుండా పడుకోవు. ఎళ్ళు తల్లీ" అంది.

బావగారూ, మీ అబ్బాయి ఉద్యోగం కనుక్కున్నాను, జాతకం చూపించాను, మీ ఇల్లూ దొడ్డీ చూసి వచ్చాను. మా పిల్ల మీ ఇంట్లో ఎలా ఉంటుందోనన్న బెంగ మాత్రం ఏ రోజూ తీరలేదు. ఆ బెంగవల్లే మీమీద అన్ని మాటలు విసిరాను. ఈరోజు తీరింది. వరాలమ్మ మునిగిందని ఒప్పుకుంటున్నాను. మీరు మాత్రం పెళ్లయిందన్న మాట మీదే ఉండండి, మార్చకండి.

శుభలేఖలు అచ్చుకి ఇచ్చాను. తోటలో తెరకి గుంజలు పాతిస్తున్నాను. ముందు వరసలో మీ కుర్చీ అమ్మ పక్కనే.

మీ
మంగరాజు

తా.క.: తోటలో మీరు పంపిందే వేస్తాం. కానీ కత్తిరించని కాపీ కూడా ఒకటి పంపమంటోంది అమ్మ. నా మూలంగా ఆ ఆఖరి ముక్క తను ఒక్కసారే చూసిందట, పెళ్లి హడావుడి అయ్యాక తీరిగ్గా చూసి ఏడుస్తుందట. నన్ను కూడా చూడమంది. ధైర్యం చేస్తున్నాను. అన్నం తిన్నాకే పెట్టమని చెప్పాను.