షెడ్డులోకి వచ్చిన శని

కార్తీక మాసం, శనివారం. ఉసిరికాయలు పచ్చడికి దంచాను, రెండు బకెట్ల బట్టలు ఉతికాను, తోటలోని షెడ్డు పట్టాలకు గ్రీజు పూశాను.

అవునండీ, ఆ షెడ్డుకే. మోకాళ్ల నొప్పితో నేను డాబా ఎక్కలేనని, మీరే షెడ్డును మార్చి టెలిస్కోప్‌ను కిందికి తెస్తానని, నాకు శనిని చూపిస్తానని అన్నారు. మీరు పోయాక ఆ పని నేనే చేయించాను. రెజిమెంటల్ బజార్‌లో కొన్న గేటు చక్రాల మీద రేకుల కప్పు పక్కకు జరుగుతుంది.

మీ అమ్మ మాత్రం అలిగారు. "శని పోవాలని లోకమంతా నూనె పోస్తది. నువ్వు కప్పు తీసి పిలుస్తున్నవా?"

"పిలుస్తలేను అత్తమ్మా, జెర చూస్తున్న అంతే."

చీకటి పడగానే చూశాను. ఈ ఏడాది వలయం సన్నగా ఉంది. సూది గుచ్చిన నిమ్మకాయలా కనిపించింది.

తర్వాత అత్తమ్మ కన్ను ఆనించారు. చాలాసేపు తీయలేదు.

"గిదేనా వాడు రోజు చూసేది?"

"అవునత్తమ్మా."

గుళ్లో నవగ్రహాల దగ్గర నుంచి వచ్చినట్టే వెనక్కి చూడకుండా వెళ్లి కాళ్లు కడుక్కున్నారు. ఆ తడి కాళ్లతోనే తిరిగి వచ్చారు.

"జరుగు, ఇంకోసారి చూస్త."

మీరు నాకు బాకీపడ్డ శని ముట్టింది. చెల్లు రాశాను.