గుమ్మం పక్క స్విచ్చి

ఒరేయ్ తమ్ముడూ,

దొంగ దొరికాడురా! నా కుట్టుమిషన్ ప్లగ్గులో రోజూ పొద్దున్నే కరెంటు పోతోందని, నువ్వు చేసిన వైరింగుని నాన్నా నేనూ నానా మాటలూ అన్నాం కదా. ఇవాళ నాన్న అలా నడకకి వెళ్లారో లేదో, మిషన్ ఆగింది. ప్లగ్గులో టెస్టరు పెడితే వెలగలేదు. గుమ్మం పక్కన ఏ లైటుకీ చెందని ఆ స్విచ్చి వేసి చూశాను. మిషన్ గిర్రున తిరిగింది! నాన్న వెళ్తూ కనబడ్డ స్విచ్చల్లా ఆపేసి, వచ్చాక అన్నీ వేస్తారు కదా. ఈ ప్లగ్గుకి స్విచ్చి అక్కడుందని నువ్వు చెప్పే ఉంటావు, మేమే విని ఉండం.

అలక మాని రారా. తప్పయిందని నాన్న నోటితో అనరు, నీకు తెలుసుగా. కానీ ఆ స్విచ్చి కింద కాగితం అంటించారు: "మా అబ్బాయి పెట్టాడు. ఎవరూ ఆపొద్దు."

అక్క