పేర్లు రాసే పుస్తకం

నర్సీపట్నం,
ఆదివారం

ఒసే చిట్టితల్లీ,

నీ ఫోన్ ఇంకా మన హాస్టల్ వార్డెన్ రాజేశ్వరి మేడమ్ బీరువాలోనే ఉంది కాబట్టి కాగితం మీద వాగాల్సి వస్తోంది. చదివి చింపెయ్. చింపేముందు మాత్రం చివరిదాకా చదువు.

మొన్న లైబ్రరీ నుంచి ఒక అనువాద నవల తెచ్చుకున్నాను. ఎప్పుడూ ఆగకుండా తిరిగే ఓ ఆవిరి రైలు, దాన్నిండా ఆడపిల్లల బడి. నేర్పేది గూఢచారి విద్య! ఇత్తడి కాకులు కిటికీల్లో వాలి మాటలు మోసుకుపోతాయి. గొడుగు తెరిస్తే పొగ వస్తుంది. జువాలజీ రికార్డు పక్కన పడేసి, మెస్‌లో కంచం ముందు పెట్టుకుని మరీ చదివాను. వారం వారం ఎవరు ఎక్కువ రహస్యాలు పట్టుకొస్తే వాళ్లకి బహుమతిగా మెడలో వేసుకునే బిళ్ల ఇస్తారు. ప్రతిసారీ కథానాయికకే. అచ్చం నాలాగే ఉందని మురిసిపోయాను.

నూట ఎనభయ్యో పేజీలో ఆ పిల్ల ఆఫీసు బోగీలో దూరి ఒక ఫైలు తెరిచింది. బడి మానేసి వెళ్లిపోయిందనుకున్న తన స్నేహితురాలిని మంచులో, ఓ వంతెన దగ్గర దింపేశారట. అందులో కారణం రాసిన చేతిరాత ఆ కథానాయికదే.

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. పక్కనున్న పుష్పవతి "ఏటైందే, కూరలో ఏటైనా పడిందా?" అని అడిగింది. పుస్తకం మూసేశాను.

చిట్టీ, నిన్ను ఇంటికి పంపేశారే, నీ పేరు రాసిచ్చింది నేనే.

మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసే రెండో తరగతి నుంచీ నేను లీడర్ని. అది తప్పని ఎవరూ చెప్పలేదు, చేతిరాత బాగుందన్నారు. ఫోన్లు ఉండకూడని ఈ హాస్టల్లో మేడమ్ ఒక నోట్‌బుక్ ఇచ్చి "మేడ మీద ఎవులేటి సేస్తన్నారో సూసి రాసీ" అంది. లీడర్‌కి వేడినీళ్లు ముందు. నువ్వు మేడ మీద నీళ్ల ట్యాంకు వెనక ఫోన్లో మాట్లాడేది మీ అమ్మతోనే అని నాకు తెలుసు. మంగళవారం సంతకి వచ్చినప్పుడే ఆవిడకి సిగ్నల్ దొరుకుతుందనీ తెలుసు. అదేమీ రాయలేదు. "చిట్టితల్లి, ఫోన్, రెండుసార్లు" అని మాత్రం రాశాను. ఆ వారం జువాలజీలో నీకు నాకంటే నాలుగు మార్కులు ఎక్కువ వచ్చాయి. అంతే కారణం. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

వచ్చే గురువారం నుంచి ప్రాక్టికల్స్. నువ్వు రాకపోతే ఏడాది పోతుంది. రేపే ప్రిన్సిపాల్ గారికి అంతా చెప్పేస్తాను. రావే, నన్ను తిట్టడానికైనా రా.

నీ ముఖం చూడలేని,
రోజారమణి


బుధవారం, మా ఊరు

రోజా,

నీ ఉత్తరం చింపలేదు. రెండుసార్లు చదివాను. రెండోసారి నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది.

మేడమ్ నాకూ ఒక నోట్‌బుక్ ఇచ్చింది. పక్క మంచం నీది కాబట్టి నీ సంగతులు నన్ను రాయమంది. నీకు వేడినీళ్లు, నాకు ఆదివారం రెండో గుడ్డు. నీ దిండు గలీబులో ఉండే పెద్ద ఫోన్ గురించి రాశాను. పరీక్షకి ముందురోజు గోడ దూకి సినిమాకి వెళ్లావని కూడా రాశాను. నువ్వు రాసినదానికంటే నెల ముందే.

మేడమ్ అది చదివి, "ఆళ్ల నాన్న మంగరాజు గారు పెద్దోరు, ఆరితో మనకెందుకే గొడవ" అని పేజీ చింపేసింది. ఆ రోజు నువ్వు బతికిపోయావని సంతోషించాను. నా పేరు వచ్చేసరికి మా నాన్నని పిలిపించి, "మీ పిల్ల దారి తప్పుతంది, తీస్కుపోండి" అంది. నాన్న దండం పెట్టి నా పెట్టె ఎత్తుకున్నాడు.

నీ మీద కోపం ఉంది. లేదని అబద్ధం చెప్పను. కానీ ఈపాటికి ప్రిన్సిపాల్ గారి దగ్గర తప్పంతా నీ మీద వేసుకుని ఉంటే ఊరుకోను. ఈ ఉత్తరం సాయంత్రం బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను; రేపు తెల్లారి మొదటి బస్సుకి వస్తున్నాను, గేటు దగ్గర ఉండు. నీది నువ్వు చెప్పావు, నాదీ నేను చెబుతాను. చింపేసిన పేజీలో ఏముందో నాకు కంఠతా వచ్చు.

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. పసుపు కొమ్ములు ఏరుతూ విని, "అయితే నువ్వూ దాని పేరు రాసినావు" అంది.

"రాశానమ్మా."

"మరి దాన్ని ఇంటికి పంపలేదేం?"

ఆ ప్రశ్న నీకే రాస్తున్నాను. నువ్వు చెప్పగలవా?

చిట్టితల్లి