కోళ్లకు కలిపే ఎర్రగోలీ

సుగుణమ్మా, ఫోను కలవక భద్రాచలం దవాఖానా నుంచి మీ అత్త రాస్తున్న కార్డు. నీ పెనిమిటి వీరభద్రం కాలి పుండు ఇంకా మానలేదు. చీము పరీక్షించిన పరిశోధన డాక్టరమ్మ, "అవ్వా, ఈ క్రిమి మామూలు మందులకు చస్తలేదు. ఇంట్ల ఏమన్న చల్లిండ్రా?" అని నిలదీసింది. కోళ్లు కునికితే నీళ్లలో కలిపే ఎర్రగోలీనే విప్పి లోపలి పొడి పుండు మీద చల్లామని చెప్పాను. "గట్ల ఇంతింత వాడితేనే క్రిమి మొండికెక్కుతది" అని తల కొట్టుకుంది. ఈ రోజు కొత్త సూదిమందు మొదలుపెట్టారు. దానికీ లొంగకపోతే కాలు తీసేస్తారట. ఆ గోలీల అట్ట కిరాణా లచ్చయ్య చేత పంపు, మందు పేరు చూడాలట. బర్రె ఈనిందా? పిల్లకు జ్వరమొస్తే ఆ గోలీ వేయకు. మిమ్మల్ని రామయ్య చల్లగా చూడాలి. కోళ్లకు కూడా కలపకు, చస్తే చావనీ. వాడు రెండు కాళ్లతో గడప తొక్కాలి.