కంకిపాడు కేసెట్టు ఎవరికి

నేను, దావులూరి సత్యశ్రీ, కీర్తిశేషులు దావులూరి రాయప్ప దంపతుల కూతురిని, వయసు ఇరవై ఏడు, ఆడపిల్లల కాలేజీ లైబ్రరీలో సహాయకురాలిని, విజయవాడ గుణదల నివాసిని. పొత్తికడుపులో కుడి పక్క నొప్పి తప్ప వేరే లోపం లేని శరీరంతో, నిలకడైన బుద్ధితో, ఎవరూ బలవంతపెట్టకుండా ఈ వీలునామా రాస్తున్నాను. రేపు నాకు అపెండిసైటిస్ ఆపరేషను. చిన్నదేనని డాక్టరు గారు అన్నారు. "అపెండిక్సుకి వీలునామా రాసినవాళ్ళని నా ప్రాక్టీసులో చూళ్ళేదమ్మా" అని మా బాబాయి, అడ్వకేటు ఏసుపాదం గారు నవ్వారు. నవ్వినందుకు ఈ వీలునామా అమలు జరిపించే బాధ్యత ఆయనకే అప్పగిస్తున్నాను.

1. నా దగ్గరున్న రాక్ సంగీతకారుల ఆత్మకథలన్నీ మా కాలేజీ లైబ్రరీకి. వీటిలో ఒకే ఇంగ్లీషు బ్యాండులోని నలుగురు విడివిడిగా రాసుకున్న నాలుగు పుస్తకాలున్నాయి. ఒకే కచేరీ గురించి ఒకాయన జోరున వాన అంటాడు. ఒకాయన ఎండకు గిటారు కాలిపోయిందంటాడు. మూడో ఆయన అసలు ఆ ఊరే వెళ్ళలేదంటాడు. నాలుగో ఆయనకు ఆ రోజు పెళ్ళి. ఈ నాలుగూ ఒకే అరలో ఉండాలి. ఒక్కటే కావాలన్నవారికి ఇవ్వకూడదు. నాలుగూ పట్టుకెళ్ళమనాలి.

2. నా నీలం సైకిలు కాన్వెంటులో నాకు హార్మోనియం నేర్పిన సిస్టర్ అమలమ్మ గారికి. నేను భయపడి మెట్ల మీద వేళ్ళు ఆనీ ఆనకుండా వాయిస్తుంటే, "గట్టిగా నొక్కు. దేవుడికి చెవుడు లేదు, వెనక బెంచీ వాళ్ళకుంది" అనేవారు. సిస్టర్ గారికి సైకిలు తొక్కాలని చాలాకాలంగా కోరిక. కాన్వెంటు పెద్ద, మదర్ గారు మధ్యాహ్నం నిద్రపోతారని కూడా ఇక్కడ నమోదు చేస్తున్నాను.

3. మా అన్నయ్య అబ్రహాముకు నా బీరువా, టేబుల్ ఫ్యాను, నా ప్రేమ. కేసెట్లు మాత్రం ఒక్కటీ ఇవ్వను. అన్నయ్యకు మైకు కట్టిన ఆటో ఉంది. చేతికి దొరికిన ప్రతి కేసెట్టు మీదా చీరల తగ్గింపు అమ్మకాలు రికార్డు చేస్తాడు. మా అమ్మానాన్నల పెళ్ళి కేసెట్టులో ప్రమాణాల మధ్య ఇప్పటికీ "రండమ్మా రండి, ఈ రోజే ఆఖరు" అని వస్తుంది.

4. ఇక అసలు ఆస్తి. దాని గురించి చెప్పాలంటే మా బ్యాండు గురించి చెప్పాలి. పేరు "కరెంటు కోత". కాలేజీ రోజుల్లో ముగ్గురం కలిసి పెట్టుకున్నాం. గిటారు మోకా శివాజీ, వాళ్ళది కైకలూరులో చేపల వ్యాపారం. డ్రమ్ములు కోగంటి చక్రి, ఇప్పుడు కంకిపాడులో విత్తనాల కొట్టు. కీబోర్డు నేను. పాటలు ఇద్దరూ పాడేవాళ్ళు, రాసేది నేను. మా సొంత పాట ఒక్కటే, "లో ఓల్టేజి". 1997 వినాయక చవితికి కంకిపాడు పందిట్లో, భజన సమాజం వాళ్ళు లేచి టీ తాగడానికి వెళ్ళిన సందులో, ఆ పాట ఎత్తుకున్నాం. మొదటి చరణం కాగానే నిజంగానే కరెంటు పోయింది. మైకులు పోయాయి, గిటారు పోయింది, నా కీబోర్డు పోయింది. భజన వాళ్ళ హార్మోనియం చేతికి తగిలితే దాన్ని పట్టుకున్నాను. పాట మాత్రం ఆగలేదు. చీకట్లో ఎవరో చివరిదాకా పాడారు. జనం ఈలలు వేశారు.

5. ఆ పాడింది ఎవరన్నదే తగువు. శివాజీ "తీగల మీద తుపాను" అని పుస్తకం వేసి, ఆ చీకట్లో తన గొంతు తప్ప ఇంకేం లేదని రాశాడు. అదే ఏడాది చక్రి "నా దెబ్బే దెబ్బ" అని పుస్తకం వేసి, విత్తనాల సంచీతో పాటు ఉచితంగా పంచాడు. అందులో తాను డ్రమ్ములు వాయిస్తూ పాడుతుంటే శివాజీ స్టేజీ చివర నిలబడి కరెంటోళ్ళని తిడుతున్నాడట. అప్పటినుంచి మాటల్లేవు. హనుమాన్ జంక్షన్‌లో టీ దగ్గర ఎదురుపడితే ఒకడు గ్లాసు వదిలేసి లారీ ఎక్కుతాడు. నా దగ్గరకు విడివిడిగా వస్తారు. "ఒట్టు సత్యా, నేనే పాడాను" అని శివాజీ. "వాడి మొహం, నేను పాడాన్రా బాబూ అంటే వినడేంటి" అని చక్రి. నా గురించి శివాజీ "కీబోర్డు దగ్గర ఒకమ్మాయి కూడా ఉండేది" అని రాశాడు. చక్రి "మాకో కీబోర్డు ఉండేది" అని రాశాడు. ఈ ఒక్క విషయంలో నేను శివాజీ పక్షం.

6. ఈ జనవరిలో మా నాయనమ్మ తెరేసమ్మ గారు పోయారు. ఆమె పెట్టెలో "ఫాదర్ గారి ప్రసంగం" అని రాసి ఉన్న కేసెట్టు దొరికింది. ప్రసంగం ఓర్పు గురించి. సగంలో తెగి, ఢమాలున చక్రి డ్రమ్ములు మొదలవుతాయి. నాయనమ్మ ఆ సాయంత్రం బ్యాటరీల టేపు రికార్డరు ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. "ఆ గిటారబ్బాయి మరీ బక్కగా ఉన్నాడు, ఇంట్లో చేపలన్నీ అమ్మేస్తారేమో" అనడం కూడా అందులో ఉంది. తర్వాత కరెంటు పోతుంది. తర్వాత ఇద్దరూ పాడతారు. మైకులు లేవు, మధ్యలో డ్రమ్ముల మోత, ఇద్దరూ స్టేజీకి చెరో పక్క. ఎవరి గొంతు వాళ్ళకే వినబడింది, నాకు నా హార్మోనియమే. ముందు వరసకు మాత్రం రెండూ వినబడ్డాయి, అంత బాగా కలిసి వాళ్ళు ఇంకెప్పుడూ పాడలేదు. ఒకరికిస్తే రెండోవాడు వినడు కాబట్టి, ఈ కేసెట్టును శివాజీకీ చక్రికీ సమానంగా రాస్తున్నాను.

7. ఇక్కడ ఒక పొరపాటు జరిగింది. సాక్షి సంతకాలకు కూడా వాళ్ళిద్దరినే రమ్మన్నాను, ఒకరికి తెలియకుండా ఒకరిని. బాబాయి చూసి, "ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కుంటున్నావేంటమ్మా" అన్నారు. మన క్రైస్తవుల వీలునామాల్లో సాక్షి సంతకం పెట్టినవాడికి అందులో రాసినది దక్కదట. వేరే సాక్షులను పిలవమన్నారు. నాకు తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరన్నాను. లైబ్రరీలో పనిచేసేదాన్ని కనుక నమ్మారు. పొరపాటును అలాగే ఉంచుతున్నాను. వాళ్ళిద్దరూ సంతకం పెడితే కేసెట్టు వాళ్ళకు రాదు, సిస్టర్ అమలమ్మ గారికి పోతుంది. వినాలంటే ఇద్దరూ కాన్వెంటు ప్రార్థన గదిలో ఒకే బెంచీ మీద కూర్చోవాలి. సాక్షులు ఇద్దరుండాలి కనుక, ఒక్కడు సంతకం పెట్టకపోయినా ఈ వీలునామా చెల్లదు, సర్వం అన్నయ్యకు పోతుంది. అప్పుడు "లో ఓల్టేజి" మీద చీరల తగ్గింపు పడుతుంది.

8. నా కీబోర్డు ఎవరికీ ఇవ్వడం లేదు. ఆపరేషను తర్వాత నాకే కావాలి.

9. ఈ కాగితం అమలు కావాలంటే నేను పోవాలి. అంతదాకా ఆగే ఓపిక నాకు లేదు. ఫాదర్ గారు ఓర్పు గురించి చెప్పింది సగమే కదా. ఇద్దరూ ఇప్పుడు మా వరండాలో ఉన్నారు, ఒకడు గేటు వైపు, ఒకడు గోడ వైపు చూస్తున్నారు. పైదంతా బాబాయి చదివి వినిపించారు. సంతకాలు పడగానే నాయనమ్మ టేపు రికార్డరు ఆన్ చేస్తాను. కొత్త బ్యాటరీలు వేశాను. నోటితో ఇన్ని మాటలు నేనెప్పుడూ అనలేదు కనుక రాసిచ్చాను.

విజయవాడ, 22 ఆగస్టు 2004, ఆదివారం.

(సంతకం) దావులూరి సత్యశ్రీ

సాక్షులు:

మోకా శివాజీ, కైకలూరు. సత్యశ్రీ నా ఎదుట సంతకం చేసింది. ఏడో నిబంధన అర్థమైంది. అయినా పెడుతున్నాను. పాడింది నేనే.

కోగంటి చక్రి, కంకిపాడు. పైన శివాజీ రాసిన ఆఖరు మాట తప్ప అన్నీ నిజం.

అదే రోజు, కాసేపటికి, అదే కాగితం అడుగున, ఇద్దరి సంతకాలతో:

కేసెట్టు విన్నాం. రెండోసారి కూడా విన్నాం. ఇద్దరం పాడాం. టేపు ఒళ్ళో పెట్టుకుని గొంతు కలిపిన తెరేసమ్మ గారు మా ఇద్దరికంటే శ్రుతిలో పాడారు. రేపు ఆసుపత్రికి ఇద్దరం ఒకే బండి మీద వస్తున్నాం. చీకట్లో హార్మోనియం వాయించినది దావులూరి సత్యశ్రీ. రెండు పుస్తకాల్లోనూ ఈ పేరు చేరుస్తాం.